బోసి మేకు

ఇస్త్రీ అక్క గడప దాటి లోపలికి రాలేదు.

పదిహేనేళ్లుగా ఈ ఇంట్లోకి చెప్పులు విడిచి నేరుగా వంటింటి దాకా వచ్చి, ఉల్లిపాయ కావాలంటే ఉల్లిపాయ, సూది కావాలంటే సూది తనే తీసుకుపోయే మనిషి. అలాంటిది ఇవాళ పరాయిదానిలా బయటే నిలబడి, "పిన్నీ, మా ఇంటి తాళంచెవి ఇస్తే తీసుకుపోతాను" అంది.

పొద్దుట లేచిన దగ్గర్నుంచి ఈ మాటతో వచ్చినవాళ్లలో ఆమె నాలుగోది. మొదటి ముగ్గురూ ఏవో సాకులు చెప్పారు. ఒకరికి చుట్టాలొస్తున్నారు. ఒకరు తాళం మారుస్తున్నారు. ఒకాయన ఏమీ తోచక "ఊరికేనమ్మా" అన్నాడు. ఇస్త్రీ అక్కకి సాకులు చేతకావు.

అత్తగారు కుట్టుమిషన్ మీద వంచిన తల ఎత్తలేదు. కాళ్లు మాత్రం ఆగాయి.

"నువ్వు కూడానా?" అంది.

"నేను కూడానే పిన్నీ. ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉంది. కంచే చేను మేశాక ఇంక ఎవర్ని నమ్మమంటావు?"

ఆ మాట అత్తగారితోనే అంది గానీ, చూపు మాత్రం గోడ పక్కన నిలబడ్డ కోడలి మీదే ఉంది. కోడలికి ముఖం మీద ఎవరో చన్నీళ్లు కొట్టినట్టయింది.

మిషన్ వెనక గోడకి చెక్కపలక, దానికి పదకొండు మేకులు. సందులో ఈ ఇల్లు కాక పదకొండు ఇళ్లు. ఒక్కో ఇంటి రెండో తాళంచెవి ఒక్కో మేకుకి వేలాడుతుంది. ఏది ఎవరిదో తెలియడానికి అత్తగారు వాళ్లవాళ్ల బట్టల్లో మిగిలిన గుడ్డపీలికలు కట్టి ఉంచింది. ఎవరికి ఏ తాళంచెవి కావాలన్నా ఎందుకని అడిగేది లేదు. తీసుకెళ్లినవాళ్లు మాత్రం ఆ మేకుకి తమదేదో ఒకటి తగిలించి పోవాలి. గొడుగో, సంచో, చేతి వాచీయో. దాన్ని చూస్తే తాళంచెవి ఎవరి దగ్గరుందో సందులో పసిపిల్లలకి కూడా తెలుస్తుంది. ఏమీ తగిలించకుండా తీసుకునే హక్కు ఈ ఇంటివాళ్లకి మాత్రమే ఉంది.

ఆ హక్కే ఇప్పుడు కోడలి మెడకి చుట్టుకుంది.

కోడలు బూడిదరంగు పీలిక ఉన్న తాళంచెవి తీసి గడప దగ్గరికి వెళ్లింది. "అక్కా, నువ్వైనా నన్ను అడగొచ్చు కదా. పోస్టు తాతయ్య తాళంచెవి ఆఫీసువాళ్లకి నేను ఇచ్చానా అని."

"అడిగితే ఏం చెప్తావు?"

"ఇవ్వలేదని చెప్తాను."

"మంగళవారం మధ్యాహ్నం తెల్లదారం కోసం నేనిక్కడికి వచ్చాను. పోస్టు తాతయ్య మేకు బోసిగా ఉంది. తాళంచెవీ లేదు, దానికి బదులు ఏ వస్తువూ లేదు. ఇంటివాళ్లే తీసుంటారు, ఆస్పత్రికి ఆయన బట్టలేవో పంపుతున్నారేమో అనుకుని వెళ్లిపోయాను. ఆ రోజు పిన్ని ఆయనకి తోడుగా ఆస్పత్రిలో ఉంది. మీ ఆయన డ్యూటీలో ఉన్నాడు. కళ్లద్దాల షాపుకి సగంరోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నది నువ్వు."

"తలనొప్పితో వెనకగదిలో పడుకున్నాను."

"పడుకునే ఉంటావు. నేను కాదనను." ఇస్త్రీ అక్క తన కొంగు ముడి విప్పి, ఇంకో తాళంచెవి తీసింది. అది ఈ ఇంటిది. పదకొండు ఇళ్ల తాళంచెవులు ఇక్కడుంటే, ఈ ఇంటి తాళంచెవి ఆమె దగ్గరుండేది. లోపలికి రాకుండానే చెయ్యి చాచి మిషన్ బల్ల మీద పెట్టింది. "మీది మీరే ఉంచుకోండి."

నాలుగేళ్ల కిందట కడుపుతో ఉన్న కోడలు స్నానాలగదిలో రక్తంమడుగులో పడి ఉంటే, తలుపు తీసుకుని వచ్చింది ఆ తాళంచెవితోనే. బిడ్డ దక్కలేదు. తల్లి దక్కింది. ఆస్పత్రిలో కళ్లు తెరిచినప్పుడు మొదట కనిపించింది ఇస్త్రీ అక్క ముఖం. ఆ ముఖం ఇప్పుడు వెనక్కి తిరిగి వెళ్లిపోతోంది.

మిషన్ మళ్లీ మొదలైంది.

"అత్తయ్యా."

మిషన్ ఆగలేదు.

"అత్తయ్యా, మీరు ఒక్క మాట చెప్పొచ్చు కదా. మా కోడలు అలాంటిది కాదు అని. నాలుగు రోజులుగా ఎవరొచ్చి అడిగినా 'నేను ఇంట్లో లేను' అంటారు. అంతే అంటారు."

"లేను కాబట్టే లేనన్నాను. అబద్ధం చెప్పలేదే."

"నిజమూ చెప్పలేదు. మీరు ఇంట్లో లేరంటే ఇంక ఉన్నది నేనే కదా. వేలు పెట్టి చూపించక్కర్లేకుండా చూపించేశారు."

"మాటలకి పెడర్థాలు తియ్యకు. నాకసలే గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది. నలభై ఏళ్ల నమ్మకం. ఒక్క పూటలో సగం పలక ఖాళీ అయింది."

అత్తగారి బాధ నటన కాదని కోడలికి తెలుసు. ఈ ముసలావిడ కుట్టిన బట్ట వేసుకోని మనిషి సందులో లేడు. పోయిన గురువారం, నాలుగిళ్ల అవతల ఒంటరిగా ఉండే పోస్టు తాతయ్య తలుపు మీద భవనాల ఆఫీసువాళ్లు కాగితం అంటించి వెళ్లినప్పటి నుంచి ఆవిడ సరిగా అన్నం తినడం లేదు. ఆ ఇల్లు శిథిలమట. నివాసయోగ్యం కాదట. పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలట. లోపలి గోడ బీటల ఫొటోలు కూడా జతచేశారు. తలుపు పగలలేదు, తాళం విరగలేదు. మనిషేమో కాలు విరిగి పద్దెనిమిది రోజులుగా ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ గోడకి ఆనుకుని మరో అయిదు ఇళ్లున్నాయి. ఒకటి కూలిస్తే ఆ వరసంతా కూలుతుంది. వరస కూలితే సందే లేదు. సందు మొదట్లో అద్దాల మేడలు కడుతున్న కంపెనీకి కావలసింది అదేనని అందరికీ తెలుసు. తలుపు తీసిందెవరన్నదే తెలియాలి.

కోడలు పలక వైపు చూసింది. ఏడు తాళంచెవులు మిగిలాయి. తొమ్మిదేళ్లుగా చూస్తున్న పలక. కళ్లద్దాల షాపులో రోజంతా వెంట్రుకవాసి తేడాలు చూసే కళ్లు ఆమెవి. పోస్టు తాతయ్య తాళంచెవి దగ్గర చూపు ఆగిపోయింది.

దానికి ఎప్పుడూ నీలం మీద తెల్లపూల పీలిక ఉండేది. తాతయ్య భార్య పోయేముందు ఇదే మిషన్ మీద చివరిసారి కుట్టించుకున్న రవికలో మిగిలిన ముక్క అది. ఇప్పుడు అక్కడ ఆకుపచ్చ పీలిక ఉంది. అంచుల దారాలు ఇంకా ఊడిరాని కొత్త గుడ్డ.

"తాతయ్య తాళంచెవికి గుడ్డ మార్చారా?"

మిషన్ ఆగింది. "పాతబడిపోయింది. మార్చాను."

"ఎప్పుడు?"

"గుర్తులేదు. ఇప్పుడు దాంతో నీకేం పని? వెళ్లి పొయ్యి మీదేముందో చూడు."

పొయ్యి మీద ఏమీ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కోడలు వంటింట్లోకి వెళ్లలేదు. మిషన్ కింద, అత్తగారి కాళ్ల పక్కన పీలికల సంచి ఉంది. వంగి దాన్ని బయటికి లాగింది. అత్తగారు పాదంతో సంచి అంచు తొక్కిపెట్టింది. ఒక్క క్షణం అత్తాకోడళ్లిద్దరూ ఒకళ్ల కళ్లలోకి ఒకళ్లు చూసుకున్నారు. తర్వాత అత్తగారే కాలు తీసేసింది.

నీలం పీలిక సంచి అడుగున ఉంది. రెండుమూడుసార్లు సబ్బు పెట్టి ఉతికిన గుడ్డే. అయినా మధ్యలో నల్లటి జిడ్డు మరక అలాగే ఉంది. వేలిముద్ర అంత మరక. కోడలు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. లిఫ్టు తీగలకి పూసే గ్రీజు. మొగుడి చొక్కాల మీద ఆ వాసనతో తొమ్మిదేళ్లుగా కుస్తీ పడుతోంది. ఆ మరక ఏ సబ్బుకీ లొంగదని ఈ ఇంట్లో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

"మీకు మంగళవారం సాయంత్రమే తెలుసు" అంది కోడలు.

అత్తగారు సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. మళ్లీ ప్రయత్నించింది. ఎక్కలేదు. మామూలుగా అయితే కోడలు అందుకుని ఎక్కించి ఇచ్చేది. ఇవాళ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

మొగుడు మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. సందులో అందరూ లిఫ్టబ్బాయి అని పిలిచే మనిషి. ఎత్తు మేడల్లో లిఫ్టులు బాగుచేస్తాడు. చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. కంచంలో అన్నం లేదు. నీలం పీలిక ఉంది.

అతను దాన్ని చూశాడు. తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాడు.

"ఎంతసేపు పట్టింది?" అంది కోడలు.

"పది నిమిషాలు" అన్నాడు. దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు. "తలుపు తీశాను. ఆఫీసువాళ్లు కొలతలు తీసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. నేను తాళం వేసుకుని వచ్చేశాను. ఒక్క గరిటె కూడా కదల్చలేదు."

"ఇల్లే కదిలించేస్తే ఇంక గరిటెలెందుకు?"

"ఆ ఇల్లు ఎలాగూ పడిపోయేదే. గోడ బీటలు నేను పెట్టానా? ఇవాళ కాకపోతే రేపు ఆయన నెత్తినే కూలుతుంది. అప్పుడు ఈ సందంతా కూర్చుని ఏడుస్తుంది."

"అంత మంచిపనైతే ఆయన్ని అడిగి చెయ్యాల్సింది. ఆస్పత్రి ఎంత దూరం?"

అతను కంచం పక్కకి జరిపాడు.

"కంపెనీవాళ్లు మీకేం ఇస్తామన్నారు?"

"ఆరు మేడల్లో లిఫ్టులన్నిటి మీదా నన్నే పెడతారు. ఉండడానికి ఆరో అంతస్తులో ఇల్లు. గాలీ వెలుతురూ ఉంటాయి. నీళ్లు ఎప్పుడూ ఆగవు. నీ కోసమే కదా చేస్తున్నాను."

"నా మీద పెట్టకండి."

"నీకు మంచిచోటంటే ఏమిటో తెలుసా?" అతని గొంతు లేచింది. "అంబులెన్సు గుమ్మం దాకా వచ్చేది మంచిచోటు. మా నాన్నకి గుండెనొప్పి వస్తే బండి సందు మొదట్లో ఆగిపోయింది. లోపలికి రాదు. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లాం. రెండు వందల అడుగులు. మలుపు దగ్గర కుర్చీ పట్టక ఏటవాలుగా తిప్పాం. అక్కడే తల వాల్చేశాడు. నేను కుర్చీ ముందుకాలు పట్టుకుని ఉన్నాను, ఆయన చెయ్యి నా భుజం మీద జారింది. ఈ సందు మంచిదని నాకు చెప్పకు. ఈ సందే ఆయన్ని చంపింది."

ఆ మాటలో పగ ఎంత ఉందో బాధ కూడా అంతే ఉంది. మామగారు పోయింది కోడలు ఈ ఇంటికి వచ్చిన మొదటి ఏడే.

"కుర్చీకి నాలుగు కాళ్లు" అంది కోడలు. "ఒకటి మీరు పట్టుకున్నారు. మిగతా మూడూ ఎవరు పట్టుకున్నారు?"

అతను తల తిప్పుకున్నాడు.

"చెప్పండి. రెండో ముందుకాలు ఎవరిది?"

"పోస్టు తాతయ్యది" అన్నాడు గొణుగుతూ.

"ఆరో అంతస్తులో మనిద్దరిలో ఎవరైనా పడిపోతే లిఫ్టు దిగొస్తుంది. లోపల మోసే మనిషెవరు?"

"కబుర్లు చాలు." అతను లేచాడు. తిరిగి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. ఆ తగ్గించడం చూసి కోడలికి భయం వేసింది, ఎందుకంటే అడగకూడనిదేదో అడగబోయే ముందే అతను గొంతు తగ్గిస్తాడు. "చూడు. సాయంత్రం తాతయ్యని తీసుకొస్తున్నారు. సందంతా చేరుతుంది. అందరూ నువ్వే అనుకుంటున్నారు. అలాగే అనుకోనీ. ఎవరో ఆఫీసు మనిషి వచ్చి అడిగితే తెలియక ఇచ్చేశానని చెప్పు. నువ్వు బయట్నుంచి వచ్చినదానివి. తెలియక చేసిందిలే అని క్షమిస్తారు. నేనిక్కడ పుట్టినవాణ్ణి. నన్ను క్షమించరు."

"తొమ్మిదేళ్లయినా నేను బయటిదాన్నేనా?"

"వాళ్ల లెక్కలో అన్నాను."

"కాదు. మీ లెక్కలో అన్నారు."

ముందుగదిలో మిషన్ చప్పుడు లేదు. అత్తగారు ప్రతి మాటా వింటోంది. వచ్చి "ఒరేయ్, ఇదేం మాటరా" అంటుందని కోడలు ఎదురుచూసింది. ఆ ఒక్క మాట చాలు, మిగతాదంతా దిగమింగుకునేది. కొంతసేపటికి మిషన్ కదిలింది. దారం ఎక్కినట్టుంది.

సాయంత్రం వెలుగు ఇంకా ఉండగానే సందు మొదట్లో బండి ఆగిందని కబురొచ్చింది. ఇస్త్రీ అక్క మళ్లీ గడప దగ్గరికి వచ్చింది.

"పిన్నీ, కుర్చీ కావాలి."

సందు మొత్తానికి మనిషిని మోయడానికి పనికొచ్చే చేతుల కుర్చీ ఈ ఇంట్లో మాత్రమే ఉంది. మామగారిని మోసిన కుర్చీయే. అత్తగారు దాన్ని చూపించి తల తిప్పుకుంది. మొగుడు లేచి, ఎవరూ అడక్కుండానే, కుర్చీ భుజానికెత్తుకుని బయటికి నడిచాడు. వెళ్తూ కోడలి వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో బతిమాలడమూ ఉంది, బెదిరించడమూ ఉంది.

నలుగురు మగవాళ్లు తాతయ్యని మోసుకొచ్చారు. మలుపు దగ్గర కుర్చీని ఏటవాలుగా తిప్పారు. కుడివైపు ముందుకాలు లిఫ్టబ్బాయి చేతిలో ఉంది. వెనక సందంతా నడిచి వచ్చింది. మిషన్ ఉన్న గది ముందుకి రాగానే తాతయ్య చెయ్యెత్తి ఆపమన్నాడు.

"దించొద్దు. దించితే మళ్లీ ఎత్తలేరు. అమ్మా, నా తాళంచెవి ఇవ్వు. నా తలుపు నా చేత్తో నేనే తీసుకుంటాను, ఉన్నన్నాళ్లూ."

కాగితం సంగతి ఆయనకి ఆస్పత్రిలోనే చెప్పారు. ముఖంలో కోపం లేదు. మనిషి మాత్రం సగమయ్యాడు.

అత్తగారు మేకు మీది తాళంచెవి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన చూపు అంత బాగుండదు. వేళ్లతో తాళంచెవి తడిమాడు, పీలిక తడిమాడు. మళ్లీ తడిమాడు.

"ఇది నాది కాదే. మా ఆవిడ గుడ్డ ఏదమ్మా?"

కోడలు తలుపు పక్కన నిలబడి ఉంది. గుప్పిట్లో నీలం పీలిక చెమటకి తడిసింది. అత్తగారి ముఖం వైపే చూస్తోంది. నాలుగు రోజులుగా ఆవిడ చెప్పింది నిజమే, సగం నిజం. ఇప్పుడు కూడా ఊరుకుంటే చాలనుకుంది కోడలు. ఊరుకున్నా చాలు.

"మాసిపోయిందన్నయ్యా" అంది అత్తగారు. "మా కోడలు మార్చింది."

ఎవరో వెనకనించి నిట్టూర్చారు. తెలిసిందేగా అన్నట్టు.

కోడలికి ఏడుపు రాలేదు. అదే ఆమెకి వింతగా అనిపించింది. మిషన్ దాటి గోడ దగ్గరికి వెళ్లింది. అందరూ చూస్తుండగా నీలం పీలికని పోస్టు తాతయ్య మేకుకి తగిలించింది.

"తాళంచెవి తీసుకెళ్లినవాళ్లు తమదేదో ఒకటి తగిలించాలి కదా" అంది. "మంగళవారం తీసుకెళ్లినవాళ్లు మర్చిపోయారు. మరక మాత్రం వదిలి వెళ్లారు."

ఇస్త్రీ అక్క ఆ రోజు మొదటిసారి గడప దాటింది. పీలిక తీసి మరక చూసింది. బట్టల మరకలతో బతికే మనిషి, ఆమెకి ముక్కు దగ్గర పెట్టుకోవాల్సిన పని కూడా లేదు. బయటికి వెళ్లి దాన్ని తాతయ్య ఒళ్లో పెట్టింది. తర్వాత కుర్చీ కుడి ముందుకాలు పట్టుకున్న చేతి వైపు చూసింది. ఆ గోళ్లలో నలుపు ఏళ్లనాటిది.

తాతయ్య కూడా తల వంచి అటే చూశాడు. చాలాసేపు చూశాడు.

"వదులు నాయనా" అన్నాడు.

"ఇంకా నాలుగిళ్ల దూరం ఉంది తాతయ్యా."

"తెలుసు. నువ్వు వదులు."

లిఫ్టబ్బాయి వేళ్లు సడలాయి. కుర్చీ ఆ పక్కకి ఒరిగింది. తాతయ్య విరిగిన కాలు జారబోయింది. ఒక్క అంగలో కోడలు వీధిలోకి దిగి కుర్చీ ముందుకాలు రెండు చేతులా పట్టుకుంది. బరువుకి మోకాళ్లు వంగాయి, మళ్లీ నిలబడ్డాయి. ఇస్త్రీ అక్క వచ్చి ఆమె చేతుల పక్కనే తన చేతులు వేసింది.

"అమ్మాయ్" అంది వెనకనించి అత్తగారు, గట్టిగా కాదు. "కన్నకొడుకు నవ్వులపాలయ్యాడు. మోసుకెళ్తే మోసుకెళ్లు. అటునుంచి అటే పో."

కోడలు తల తిప్పి చూసింది. పొద్దుట ఇస్త్రీ అక్క తిరిగిచ్చిన తాళంచెవి మిషన్ బల్ల మీద లేదు. అది అత్తగారి గుప్పిట్లో ఉంది. రెండో చెయ్యి తలుపు రెక్క మీద ఉంది.